ఖాజా సాబ్ కూర్చోలేని పాఠం

పాలమూరు వైపు వెళ్తున్నానంటే మా అవనిగడ్డలో ఎవరూ నమ్మలేదు. శ్రీశైలం మొక్కేదో ఉంది, పైకి చెప్పడం లేదంతే అనుకుంది మా ఆడపడుచు. పురుగుమందుల కొట్ల వాళ్లకి పాఠం చెప్పడానికి అన్నాక అసలే నమ్మలేదు. "అమ్ముకునేవాళ్లకి నువ్వేం చెబుతావే?" అని నవ్వింది. తిరిగొచ్చాక అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

నేను సర్కారు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. నా ఉద్యోగంలో సగం అత్యవసర వార్డులోనే గడిచింది. వ్యవసాయ డిగ్రీ లేకుండా పురుగుమందులు అమ్మేవాళ్లు కొన్ని వారాల శిక్షణ పూర్తి చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలని ఇప్పుడు నిబంధన ఉంది. అది లేకపోతే లైసెన్సు నిలవదు. ఆ శిక్షణలో పురుగుల గురించి, తెగుళ్ల గురించి, డబ్బా మీద విషం తీవ్రతని చెప్పే రంగు త్రికోణాల గురించి చెప్పడానికి చదువుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. విషం ఒంటికి తగిలిన మనిషిని ఏం చేయాలన్న ఒక్క పాఠం చెప్పేవాళ్లే దొరకరు. ఒకప్పుడు మా ఆసుపత్రిలో పనిచేసిన డాక్టరుగారు నా పేరు చెప్పారట. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, మూడు చోట్ల అదే పాఠం. ఇంట్లో కూర్చుని మోకాళ్లు పిసుక్కోవడం కంటే నయమని ఒప్పుకున్నాను.

గద్వాల

రైలు దిగేసరికి ఆకలి మండిపోతోంది. లాడ్జి పక్క సందులో శాంతమ్మ అనే పెద్దావిడ నడిపే మెస్సు ఉంది. అన్నం అడిగితే నా వైపు ఒకసారి చూసి, జొన్నరొట్టె, పల్లీల చట్నీ, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు రొట్టె అంటే జ్వరమొచ్చినప్పుడు తినేది. ఇక్కడ అదే భోజనం. రెండు చేతుల మధ్య చప్పట్లు కొడుతున్నట్టు రొట్టె చేస్తూ మాట్లాడుతోంది ఆవిడ. పుట్టిల్లు రాయచూరు అవతల. నేను రెండో రొట్టె దగ్గర ఆగితే "సాకా?" అంది. చాలా అని కన్నడంలో అడగడం. నేను తల ఊపితే, "కోస్తోళ్లు కడుపుకి తినరా ఏంది" అని మూడోది వేసేసింది. మొత్తం కలిపి మా ఊళ్లో టిఫిను డబ్బుల్లో అయిపోయింది.

పాఠం ఒక ఫంక్షన్ హాలు మేడ మీద. ఏర్పాట్లు చూసే కుర్రవాడు రఘు, వ్యవసాయం చదువుకున్నవాడు, అందరినీ అన్నా అని పిలుస్తూ కుర్చీల్లో కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది నడివయసు దాటినవాళ్లే. చొక్కా జేబులో ఫోను, చేతి గోళ్ల చుట్టూ పసుపు మరకలు. మొదటి వరుసలో తెల్ల టోపీ, నెరిసిన గడ్డం, ఇస్త్రీ చొక్కాతో ఒకాయన చాలా శ్రద్ధగా కూర్చున్నాడు. పేరు ఖాజా, రాజోలిలో దుకాణం. తండ్రి కాలం నుంచీ ఉన్న దుకాణమని రఘు చెప్పాడు.

నేను మొదట బట్టలు విప్పించి సబ్బుతో కడగడం చెప్పాను. తర్వాత టార్చి వేసి కంటిపాప కుంచించుకుపోయిందేమో చూడటం. ఆ తర్వాత, స్పృహ తప్పినవాడి నోట్లో ఏమీ పోయకూడదన్న విషయం. "నీళ్లు కాదు, మజ్జిగ కాదు, బెల్లం నీళ్లు అసలే కాదు" అన్నాను. ఖాజా గారు లేచాడు. ఫోను చెవికి పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. పాఠం అయిపోయేదాకా తిరిగి రాలేదు.

నాకు కోపం వచ్చింది. వార్డులో ఉన్నప్పటి కోపం ఇంకా పోలేదు నాకు. హాజరు సంతకాల దగ్గర రఘుతో, "సగం విన్నవాళ్లకి నేను సంతకం పెట్టను" అని గట్టిగానే అన్నాను. రఘు ముఖం మాడిపోయింది. పాపం మిగతా పాఠాలన్నీ ఆయన పూర్తి చేశాడని, ఇదొక్కటే మిగిలిందని, గడువు ఈ నెలాఖరేనని చెప్పాడు. సర్టిఫికెట్ రాకపోతే దుకాణం మూసుకోవాల్సిందే. అప్పుడు వచ్చాడు ఖాజా గారు, చెప్పులు విడిచి, తలుపు దగ్గరే నిలబడి.

"అక్కా, జర కోపం జేస్కోకు. వనపర్తిల గిదే పాఠం మల్ల జెప్తవంట గద. గక్కడికొచ్చి కూసుంట. నాకు బండి గూడ ఉంది, నిన్ను తోలుకపోత."

"ఖాజా గారూ, ఈసారి ఫోను మోగితే నేను తీసుకుంటాను" అన్నాను. గారు అన్నందుకు ఆయన ఇబ్బందిగా నవ్వాడు. ఇక్కడ సాబ్ అంటారట. నేనూ అప్పటినుంచి సాబ్ అనడం మొదలుపెట్టాను.

ఊళ్లో చీరల కొట్టుకి వెళ్లాను. గద్వాల చీర అంటే మా వైపు పెళ్లిళ్లలో వినే మాట. ధర విన్నాక చేత్తో అంచు మాత్రం నిమిరి బయటికొచ్చాను.

కృష్ణ దాటి

మర్నాడు ఆయన తెచ్చిన బండి పాత మారుతీ వ్యాను. మందుల పెట్టెలు రైతుల దగ్గరికి తీసుకెళ్లేది. తలుపు తీయగానే పురుగుమందు వాసన నా ముక్కులో కూర్చుంది. ఆ వాసనతో వార్డుకి వచ్చినవాళ్లని ఎంతమందిని చూశానో నాకే గుర్తు లేదు. కిటికీ దించి తల బయటికి పెట్టుకుని కూర్చున్నాను. ఖాజా సాబ్‌కి మాత్రం ఆ వాసనే తెలియడం లేదు.

దారిపొడుగునా విత్తనపత్తి. ఆడవాళ్లు వరుసల్లో వంగి, పువ్వు పువ్వునూ చేత్తో కలుపుతున్నారు. దాన్ని క్రాసింగు అంటారట. మా దివిసీమలో వరి నాటుతూ పాటలు పాడతారు. ఇక్కడ ఎవరి చెవిలో చూసినా ఫోను తీగలే, ఎవరి మాటా వినిపించదు.

బీచుపల్లి వంతెన మీద బండి ఆపించాను. కృష్ణ నిండుగా ఉంది. ఈ నీళ్లే ఎన్నో ఆనకట్టలు దాటి, మిగిలింది మా హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పై ఊరిలో పరిచయస్తులు కనబడ్డట్టు అనిపించింది. రూపాయి బిళ్ల వేసి దణ్ణం పెట్టుకున్నాను. ఖాజా సాబ్ రెండు చేతులూ వంతెన కమ్మీ మీద పెట్టి నీళ్లనే చూస్తున్నాడు. 

అనర్థం పెబ్బేరులో తెలిసింది. అది సంత రోజు, ఎడ్లు, గొర్రెలు రోడ్డుకి అడ్డం. ఆగాం కదా అని తిందామని నా సంచి తీశాను. పొద్దున బయల్దేరేటప్పుడు ఆయన మంచి మనసుతో ఆ సంచిని వెనక పెట్టెల మధ్య భద్రంగా పెట్టాడు. ఏ డబ్బా మూత వదులైందో, సంచి అడుగు తడిసింది. అందులో మా ఇంటి ఆవకాయ, గోంగూర, మా కోడలు చేసిన సున్నుండలు. మూత తీసి చూసి, మళ్లీ మూశాను. రోడ్డు పక్కన గుంట తవ్వించి అన్నీ పూడ్పించాను. ఎవరి మేకో వచ్చి తింటే ఆ పాపం కూడా నాకే.  ఖాజా సాబ్ సంతలోకి వెళ్లి సీతాఫలాలు తెచ్చాడు, మా వైపు ధరతో పోలిస్తే ఊరికే ఇచ్చినట్టే. తను మాత్రం ఒక్కటీ తినలేదు.

"అక్కా, నేను మంచికని జేసేదంత గిట్లనే అయితది" అన్నాడు.

ఆవకాయ గురించి అంటున్నాడనుకున్నాను.

వనపర్తి

రాజావారి భవనంలో కాలేజీ నడుస్తున్న ఊరది. ఎత్తైన గోడలు చూస్తూ నడవడం బాగుంది కానీ నాకు ఆ రోజు మనసు పాఠం మీదే ఉంది. ఖాజా సాబ్ మొదటి వరుసలోనే కూర్చున్నాడు. ఫోను నా బల్ల మీద పెట్టాడు. కడగడం చెప్పినప్పుడు రాసుకున్నాడు. కంటిపాప దగ్గర పక్కాయన కంట్లోకి టార్చి వేసి చూశాడు కూడా. నోట్లో ఏమీ పోయకూడదన్న మాట నేను ఎత్తగానే ఆయన గొంతు దగ్గర చెయ్యి వేసుకున్నాడు.  తర్వాత లేచి, వంగి, అందరి కాళ్ల మధ్య నుంచి బయటికెళ్లాడు.

నేను పాఠం ముగించి వెళ్లేసరికి కొళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. ఎదురుగా టీ బండి. అరవకూడదని నాకు నేనే చెప్పుకుని రెండు టీలు తీసుకున్నాను.

"మీ ఒంట్లో బాగా లేదా సాబ్?"

"ఒళ్లు మంచిగనే ఉందక్కా."

టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకునే ఉన్నాడు. అప్పుడు చెప్పాడు.

"మా అబ్బ కాలం సంది ఒక రివాజు ఉంది. గట్టి మందు తీస్కపోయేటోనికి మందుతోటి బెల్లం ముక్క ఇస్తం. మందు కొట్టినంక నోట్లేస్కుంటె విషం ఇరుగుతదని అందరి నమ్మకం. గందుకే మా దుకాణానికి దూరం సంది వస్తుండె జనం. పోయిన పంటకు జంగయ్యని ఉప్పునుంతల మనిషి, పెండ్లాంతోటి మా రాజోలికి క్రాసింగుకొచ్చిండు. ఎవరన్న పిలిస్తె మందు గూడ కొడ్తుండె. మూతికి గుడ్డ కట్టుకోర అంటె, సాబ్ బెల్లం ఉంది గద అనెటోడు. ఒకనాడు చేన్ల మందు కొట్టి అట్లనే మా దుకాణం ముందలకొచ్చి కూలవడ్డడు. నోట్ల నురగ. పెండ్లాం మొత్తుకుంటుంది. నాకేం తోచలేదు. లోటల నీళ్లు దీస్కొని బెల్లం పిసికి నోట్ల పోసిన. మింగుతలేడు. అయినా పోసిన."

నేను కళ్లు మూసుకున్నాను. మిగతాది నాకు తెలుసు.

"కర్నూలు దవాఖానల డాక్టర్ అడిగిండు, నోట్లేం పోసిండ్రు, నీళ్లు ఊపిరితిత్తులల్లకు పోయినయన్నడు. నేను గోడకు ఆనుకొని నిలవడ్డ. నోరు తెర్వలె. పానం నిలిచింది. మనిషైతే లేడు అక్కా. కండ్లు తెరుస్తడు, ఎవర్నీ గుర్తువట్టడు, లేవడు."

"ఆమెకి తెలుసా?"

"తెల్వదు. నేను పోయవట్టే బతికిండనుకుంటుంది. బక్రీదుకు ఫోన్ జేసి నా పిల్లలు సల్లగుండాలన్నది. నువ్వు గా మాట జెప్తుంటె ఆమె గొంతే ఇనవడ్తుంది నాకు. కూసోలేను."

జాలి వేసింది. కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. నాకు ఎదుటివాళ్లకి మందు రాసిచ్చే అలవాటు ఒకటుంది, డాక్టరు కాకపోయినా. "వెళ్లి చెప్పేయండి సాబ్. చెప్పందే మీరు ఏ ఊళ్లోనూ నా పాఠంలో కూర్చోలేరు. ఉప్పునుంతల నాగర్‌కర్నూల్ దాటాకే కదా, నేనూ వస్తాను" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సోమశిల

మధ్యలో ఒక రోజు ఖాళీ. కొల్లాపూర్ మీదుగా సోమశిల వెళ్దామని నేనే పట్టుబట్టాను. ఖాజా సాబ్‌కి అదొక్క రోజు వాయిదా దొరికినట్టయింది, వెంటనే బండి తీశాడు.

నేను గుడిలోకి వెళ్తే ఆయన నా చెప్పుల దగ్గర కూర్చున్నాడు. తిరిగొచ్చాక "దేవునికి ఏం జెప్పినవక్కా?" అన్నాడు. మోకాళ్ల నొప్పి గురించి చెప్పానన్నాను. చాలా రోజుల తర్వాత నవ్వినట్టు నవ్వాడు.

ఒడ్డున చేపలు వేయిస్తున్నారు. మా దగ్గర చేపలో చింతపండు, ఇక్కడ కారం, అదీ కళ్లు తెరవనీయని కారం. పడవ నడిపే పెద్దమనిషి నన్ను ఎక్కించుకుని లోపలికి తీసుకెళ్లాడు. చుట్టూ కొండలు, ఆ పచ్చదనం చూస్తే పాలమూరు అంటే ఎండిన నేలే అని మా వాళ్లు అనుకునేది అబద్ధమనిపించింది. పడవ మధ్యలో ఆపి తెడ్డుతో నీళ్లు చూపించాడాయన. "గీడ మా పాత ఊరు. డ్యాము కట్టినంక మునిగింది. గుడిని ఒక్కొక్క రాయి ఇప్పి పైకి దెచ్చిండ్రు. ఇండ్లను ఎవరు దెస్తరు?" అన్నాడు. మామూలుగానే అన్నాడు, వచ్చినవాళ్లందరికీ చెప్పే మాటేమో. ఆ నీళ్లే మా పొలాలకొస్తాయని నేను ఆయనకి చెప్పలేదు.

ఒడ్డుకి వచ్చేసరికి ఖాజా సాబ్ వ్యాను వెనక తలుపు తీసి పెట్టెలన్నీ దించి, లోపలంతా నీళ్లు కొట్టి కడుగుతున్నాడు. కడిగినదాన్నే మళ్లీ కడిగాడు. వాసన పోలేదు.

"బెల్లం ఇచ్చుడు బంద్ వెట్టిన అక్కా. గిరాకులు బెల్లమేది సాబ్ అని అడుగుతరు. లేదని జెప్త. కొంతమంది పక్క దుకాణానికి పోయిండ్రు. ఎందుకు బంద్ వెట్టిన్నో ఒక్కనికి జెప్పలె."

ఉప్పునుంతల

నాగర్‌కర్నూల్‌లో లాడ్జిలో సామాను పడేసి అటే వెళ్లాం. మొక్కజొన్న చేలు, ఆముదాలు, ఎర్రమట్టి. ఊరు చివర రేకుల ఇల్లు. జంగయ్య భార్య బాలమణి మమ్మల్ని చూసి చేతిలోని పల్లికాయల చాట పక్కన పెట్టి లేచింది. ముప్పై అయిదు ఉంటాయేమో, జుట్టు అప్పుడే నెరిసింది. ఖాజా సాబ్‌ని చూసి ఆమె ముఖం విప్పారింది.

"అయ్యో సాబ్, చెప్పకుండ అచ్చినవ్. కూసోండ్రి, కూసోండ్రి."

నన్ను దవాఖాన సిస్టరని పరిచయం చేశాడు. ఆమె నా చేతులు పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. నులక మంచం మీద జంగయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. శుభ్రంగా ఉన్నాడు, గడ్డం గీసి ఉంది, పక్క తడి లేదు. మంచం పట్టిన మనిషిని ఇంట్లో అంత బాగా చూసుకోవడం అరుదు. ఆమెకి ఆ మాట చెబితే చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది.

మాట్లాడుతూనే ఆమె గ్లాసులో అంబలి తెచ్చి, పడుకున్న మనిషి నోట్లో పోయబోయింది. నా చెయ్యి దానంతటదే వెళ్లింది. గ్లాసు పట్టుకుని ఆపేశాను. "ఇలా కాదమ్మా" అని, ఖాజా సాబ్ చేత వెనక దన్ను పెట్టించి కూర్చోబెట్టాను. గడ్డం కిందికి దించి, చెంచాతో కొద్దికొద్దిగా, మింగాడని గొంతు చూసి ఇంకొంచెం. జంగయ్య పొలమారకుండా, దగ్గకుండా మింగాడు. జంగయ్య వీపు ఖాజా సాబ్ ఛాతీకి ఆని ఉంది. 

"దినాం పొర వోతుండె" అంది బాలమణి, మింగుతున్న భర్తనే చూస్తూ. "ఆ రోజు గూడ సిస్టరమ్మా, గీ సాబే బెల్లం నీళ్లు పోయకుంటె నా మొగడు దక్కుతుండెనా? గిట్లనన్న ఉన్నడు. గిట్లనన్న నా ముందల ఉన్నడు."

ఖాజా సాబ్ జంగయ్యని మెల్లగా పడుకోబెట్టాడు. నేల మీద కూర్చున్నాడు. నేను చెప్పమన్న మాట చెప్పాడు. తడబడలేదు, ఏడవలేదు. డాక్టరు అన్నది, తను గోడకు ఆనుకుని నోరు మూసుకున్నది, అంతా. "మందు జేసింది వేరే, అక్క జెప్తది. గని గా నీళ్లు నేను పోయకుంటె ఇంత కాకపోతుండె బాలమణి. నేనే జేసిన."

ఆమె నా వైపు చూసింది. "నిజమేనా?"

విషం ఎక్కువే ఎక్కింది, అది లేకపోతే ఆయన పడిపోయేవాడే కాదు, పోయకపోయినా ఏమయ్యేదో గట్టిగా చెప్పలేను. ఇదంతా చెప్పాను. చివరికి "కానీ ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన మాట నిజం" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది.

"లోట నీదే సాబ్. గని పండ్లు గట్టిగ కరుసుకొని ఉండె ఆయనకు. నోరు తెరిసి పట్టింది నేను గద."

"నేనే తెర్వమన్న తల్లీ. నీ తప్పేం లేదు" అన్నాడు ఖాజా సాబ్. ఆ ముక్క ఆయన నాకు వనపర్తిలో చెప్పలేదు. ఆమెని కాపాడటానికి దాచాడని అప్పుడు అర్థమైంది. అంత భద్రంగా దాచినదాన్ని నా సలహా బయటికి లాగింది. ఆమెకి ఇన్నాళ్లూ భర్త మంచాన ఉన్నాడన్న ఒక్క బాధే ఉండేది. సాయంత్రం మేము బయల్దేరేసరికి ఆ బాధలు రెండైనాయి.

ఆమె గడప దాకా కూడా రాలేదు. చాట ముందు కూర్చుని పల్లికాయ వలవడం మొదలుపెట్టింది. "నాగర్‌కర్నూల్‌లో పెద్ద చెరువు దగ్గరి హాల్లో రేపు పొద్దున ఇదే విషయం చెబుతానమ్మా, కావాలంటే ఎప్పుడైనా ఫోను చెయ్యి" అని ఏదో అనాలని అన్నాను. 

 తిరుగుదారిలో డిండి ప్రాజెక్టు వైపు మబ్బు నల్లగా పట్టి ఉంది కానీ వాన పడలేదు.

నాగర్‌కర్నూల్

పొద్దున్న ఉగ్గాని, బజ్జీ పెట్టారు. బొరుగులు నానబెట్టి తాలింపు వేసేది, మా వైపు లేదు. బాగుందని చెప్పాల్సిన తిండే. సగం వదిలేసి లేచాను. పెద్ద చెరువు గట్టు మీద నడిచి హాలుకి వెళ్లాను. ఖాజా సాబ్ నాకంటే ముందే వచ్చి మొదటి వరుసలో ఉన్నాడు. రాత్రి నిద్రపోని ముఖం.

పాఠం మొదలుపెట్టిన కాసేపటికి తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. బాలమణి. కొంగు నడుముకి చుట్టి, చేతిలో బస్సు టికెట్టు నలిపి పట్టుకుని ఉంది. రఘు లేచి, ఇది దుకాణదారులకమ్మా అన్నాడు.

"పక్కింటామెను కూసోవెట్టి అచ్చిన. సిస్టరమ్మ జెప్పేది ఇంట" అంది.

రానివ్వమన్నాను. చివరి వరుసలో ఒక్కతే కూర్చుంది. ఖాజా సాబ్ వెనక్కి తిరిగి చూశాడు, మళ్లీ ముందుకు తిరిగాడు.

కడగడం చెప్పాను. కంటిపాప చెప్పాను. తర్వాతి మాట దగ్గర నా నాలుక ఆగిపోయింది. ఎన్ని వార్డుల్లో ఎంతమందికి చెప్పిన మాట. హాలంతా నా వైపు చూస్తోంది. ఖాజా సాబ్ లేవలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. చెప్పాను. "స్పృహ తప్పినవాడి నోట్లో ఏమీ పోయకూడదు. మూసుకున్న పళ్లు తెరవకూడదు." చివరి వరుస వైపు చూసే ధైర్యం లేకపోయింది నాకు.

ఒకాయన లేచి, "మరేం జెయ్యాలె మేడం? కండ్ల ముందల మనిషి పోతుంటె ఊకె సూడాల్నా?" అన్నాడు. కోపంగానే అడిగాడు, అడగాల్సిన ప్రశ్నే.

"చూపిస్తాను. ఎవరైనా వచ్చి ఇక్కడ పడుకోండి" అన్నాను.

ఈ భాగం వచ్చినప్పుడు మగవాళ్లు ఒకరినొకరు తోసుకుని నవ్వుతారు. ఈసారి ఖాజా సాబ్ టోపీ తీసి జేబులో పెట్టుకుని వచ్చి, నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. నేను మోకాళ్ల మీద కూర్చోబోతుంటే వెనక నుంచి మాట వినిపించింది.

"నేను జేస్త. నాకు జెప్పు."

బాలమణి కుర్చీల మధ్య నుంచి నడిచి వచ్చింది. ఆయన పక్కన కూర్చుంది.  నేను ఒక్కొక్కటిగా చెప్పాను. దగ్గరి చెయ్యి పక్కకి చాపు. అవతలి చెయ్యి చెంప కింద పెట్టు. అవతలి మోకాలు మడిచి పట్టుకుని నీ వైపుకి లాగు. ఆయన అలవోకగా పక్కకి తిరిగాడు. గడ్డం కొంచెం పైకెత్తు, నోరు నేలకేసి ఉండాలి, లోపల ఏమున్నా బయటికే కారిపోతుంది. అంబులెన్సుకి ఫోను చేసి, అది వచ్చేదాకా ఇలాగే పట్టుకుని కూర్చో.

ఆమె పట్టుకుని కూర్చుంది. ఒక చెయ్యి ఆయన భుజం మీద, ఒకటి దవడ కింద. ఆయన మూసిన కళ్ల నుంచి నీళ్లు ముక్కు మీదుగా నేల మీదికి జారుతున్నాయి. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. ఇంకా ఏదో చెబుతానని నా ముఖంలోకి చూసింది. తనే అడిగింది.

"గింతేనా సిస్టరమ్మా?"

"ఇంతేనమ్మా" అన్నాను.